తొందర ఎవరిది?

మంగళవారం ఉదయం ఎనిమిదింబావుకి, అత్తగారి దుప్పటి రుద్దుతుండగా కోడలి గుండె నిమిషానికి నూట ఇరవైసార్లు కొట్టుకుంది. గోడకి ఆనుకుని కూర్చుంది. దడ తగ్గాక మిగిలిన సగమూ రుద్ది ఆరేసింది. మెషీన్‌లో వేస్తే మురికి పోదని అత్తగారి పట్టు.

నెలరోజులుగా ఇదే వరస. అంతకుముందు మెట్ల మీద రెండుసార్లు కళ్లు తిరిగి పడితే, గుండె మరీ నిదానించిందని భుజం కింద పేస్‌మేకర్ పెట్టారు. నిదానం పోయి దడ పట్టుకుంది. "టెన్షన్. ఉన్నవీ లేనివీ మనసులో పెట్టుకుంటావు," అన్నాడు భర్త. "మా రోజుల్లో గుండె ఉన్న సంగతే తెలిసేది కాదు," అంది అత్తగారు. వాళ్లన్నదే నిజమేమోనని ఆమె తన మనసుని తనే సోదా చేసుకునేది. ఎవరి మీద కోపం? దేనికి భయం? కూర మాడితే అంత కంగారెందుకు? వెతికేకొద్దీ ఏదో ఒకటి దొరికేది. కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని ఉండేది.

ఆసుపత్రిలో టెక్నీషియన్ ఆమె భుజం మీద చిన్న యంత్రం ఆనించి తెర చూసింది.

"దడకి మూడు దారులమ్మా. భయానికో జ్వరానికో గుండె తనంతట తానే పరిగెత్తొచ్చు. లయ తప్పే జబ్బు కావచ్చు. లేదా ఈ పేస్‌మేకరే తొందరపెట్టొచ్చు. మంగళవారం ఎనిమిదింబావుకి నూట ఇరవై అని ఇందులో నమోదైంది. ఆ టైముకి ఏం చేస్తున్నారు?"

"ఏం చేస్తుంది మేడమ్, ఇంట్లోనే ఉంటుంది," అన్నాడు భర్త.

"దుప్పటి ఉతుకుతున్నా," అంది ఆమె.

"ఎలా ఉతుకుతారో చేసి చూపించండి."

ఆమె బల్ల మీద చెయ్యి గట్టిగా ఆడించింది. భర్త నవ్వాడు. తెర మీద అంకె డెబ్బై నుంచి ఎక్కుతూ పోయింది. తొంభై. నూట పది. అతను నవ్వు ఆపాడు.

"ఇదిగో. ప్రతి దెబ్బా పేస్‌మేకర్ కొట్టించిందే. ఒళ్లు కదిలితే వేగం పెంచడం దీని పని. చెయ్యి అంతలా ఊగితే మీరు పరిగెడుతున్నారనుకుంటుంది. మనసుకీ దీనికీ సంబంధం లేదు."

"అయితే తగ్గించేయండి మేడమ్. ఇంట్లో కూర్చునే మనిషికి అంత స్పీడెందుకు?"

టెక్నీషియన్ ఆమె వైపే చూసింది. "తగ్గించొచ్చు. మెట్లెక్కితే మళ్లీ ఆయాసం రావచ్చు. మీరు చెప్పండి."

"ఉండనివ్వండి. నేను చేసేది పనేనని ఆ ఇంట్లో దీనికొక్కదానికే తెలిసింది." భర్త వైపు తిరిగింది. "రేపట్నించి ఎవరి దుప్పట్లు వాళ్లే ఉతుక్కోండి."

"మరి అమ్మవి?"

"కొడుకున్నాడుగా."

తర్వాతి తనిఖీకి ఆమె ఒక్కతే వచ్చింది. సెట్టింగు అదే. ఉదయాల్లో గుండె తొంభై దాటలేదు.