రెండు బగోనలు

మా ఊళ్లో మేకో గొర్రెపోతో, యాటను ఎవరు కొన్నా, దసరాకు కొన్నా పెళ్లికి కొన్నా, కత్తి మాత్రం ముల్ల దస్తగిరిదే. దేవుని పేరు చెప్పి మెడ కోసి, నెత్తురంతా కారనిచ్చి అవతలికి జరుగుతాడు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు మా అత్తను అడిగాను, మన యాటను ఆయనెందుకు కోయాలని.

"ఆయన కోస్తె అందరం తినొచ్చు. మనం కోస్తె వాళ్లు తినరాదు. గంతే" అన్నది.

అంతకన్నా గొప్ప కారణం నాకు ఇప్పటికీ దొరకలేదు.

దస్తగిరి భార్య ఇక్బాల్ బీ. మా యాదలక్ష్మి పుట్టినప్పుడు నాకు జ్వరం తగిలి పాలు ఎండిపోయాయి. ఆమెకు అప్పుడు చంటికొడుకు వహీద్. వాడికి ఒక రొమ్ము, నా బిడ్డకు ఒక రొమ్ము ఇచ్చి బతికించింది. పాలిచ్చిన బిడ్డ కన్నబిడ్డతో సమానమని వాళ్ల ధర్మం. యాదలక్ష్మి కూడా ఆమెను అమ్మీ అనే పిలుస్తుంది. బిడ్డకు ఆరేళ్లప్పుడు మేం యేసయ్యను నమ్ముకున్నాం. బాప్తిస్మంలో దానికి మేరీ అని పేరు పెట్టారు గానీ, ఆ పేరుతో పిలిస్తే అది ఇప్పటికీ తిరిగి చూడదు.

మేం మతం మారినా కత్తి మారలేదు. మా ఆయన భిక్షం, దస్తగిరి కలిస్తే ఒకటే వాదం. అబ్రాహాము బలికి తీసుకుపోయింది ఇస్సాకును అని ఈయన, ఇస్మాయిల్‌ను అని ఆయన. చివరికి దస్తగిరే తెంపేవాడు.

"ఎవలైతేంది భిక్షమన్నా. పిలగాడు బతికిండు, పొట్టేలు సచ్చింది."

తొంభై నాలుగు ఎండాకాలంలో యాదలక్ష్మి పెళ్లి కుదిరింది. పిల్లవాడిది చిట్యాల. వాళ్ల పాస్టరు వారం ముందు మా ఇంటికి వచ్చాడు. పేరు రామచంద్రం. తన పేరు మార్చుకోని మనిషి మా ఊరి పద్ధతి మార్చడానికి వచ్చాడు. సాయిబు కోసిన కూర విశ్వాసులు ముట్టకూడదట. మగపెళ్లివారు అది తినరట.

"వేరే పేరున బలి ఇచ్చినది తినొద్దని వాక్యం, అమృతమ్మా."

"అది విగ్రహాలకు ఇచ్చినదాని గురించి గదా అయ్యగారూ. విగ్రహమంటె దస్తగిరన్నకు మీకన్నా ఎక్కువ పడదు."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"యేసయ్య యూదుల ఇంట్ల పుట్టిండని మీరే చెప్తిరి. యూదులు గూడ దేవుని పేరు తీసి, మెడ కోసి, నెత్తురు కార్చినంకనే తింటరంటిరి. మరి యేసయ్య గట్ల కోసిన కూరే తిన్నడు గదా?"

"అది పాత నిబంధన" అని ఆయన బైబిలు మూశాడు.

మా ఆయన మధ్యలో చిక్కాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. దస్తగిరిని వద్దంటే బిడ్డకు పాలిచ్చిన తల్లి పెళ్లిలో తినకుండా పోతుంది. రమ్మంటే మగపెళ్లివారు లేచిపోతారు. ఆలోచించి ఆలోచించి ఆయన రెండు యాటలు కొన్నాడు. ఒకటి దస్తగిరి కోస్తాడు, ఒకటి వాళ్ల మనిషి కోస్తాడు. కూర వండే బగోనలు రెండు, కూర్చుని తినే బంతులు రెండు. ఈ సంగతి దస్తగిరికి ఆయనే పోయి చెప్పాడు.

"నీ బిడ్డ పెండ్లి మంచిగ కావాలె భిక్షమన్నా. గట్లనే కానియ్" అన్నాడు.

పెళ్లి రోజు ఇక్బాల్ బీ తెల్లారకముందే వచ్చింది. బిడ్డకు తల దువ్వింది, విస్తళ్లు వేసింది, ఎవరికి ఏం తక్కువైందో చూసింది. తను మాత్రం తినలేదు. ఎప్పుడూ అందరూ అయ్యాక నేనూ ఆమే కూర్చుని తింటాం.

మధ్యాహ్నానికి ఊరి బంతిలో జనం పెరిగారు. దస్తగిరి కోసిన యాట బగోన అడుగంటింది. వంట చేసే గుర్వయ్యకు ఈ గొడవలేవీ పట్టవు. నా కళ్ల ముందే మగపెళ్లివారి బగోనలో నుంచి ఒక బకెట్టు కూర ముంచి తెచ్చి ఇందులో కుమ్మరించాడు.

"ఏం చేసినవ్ గుర్వయ్యా" అన్నాను.

"తక్కువ పడ్డదని పోసిన. రెండు ఒకటే కూర గదమ్మా."

ఆ మాట తప్పని ఎలా చెప్పను? ఈ ఊరికి వచ్చిన ఇరవై ఏళ్లూ నేనూ అదే అనుకున్నాను. అప్పటికే మా ఊరి ముస్లిం ఇళ్లవాళ్లు, దస్తగిరితో సహా, తిని లేచారు. మిగిలింది ఇక్బాల్ బీ ఒక్కతే.

ఆమెకు పప్పు వడ్డిద్దామని నేను వెనక్కి తిరిగేసరికి యాదలక్ష్మి ఆ కలిసిన బగోనలోంచే పళ్లెంలో కూర వేసుకుని వచ్చింది. పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని అమ్మీ ముందు కూర్చుంది.

"పొద్దట్నుంచి ఏం తినలే నువ్వు. తిను అమ్మీ."

నేను నోరు తెరిచాను. అప్పుడే గుమ్మం దగ్గర పాస్టరు నిలబడి మా వైపు చూస్తూ కనిపించాడు. ఇప్పుడు నేను చెబితే ఇక్బాల్ బీ పళ్లెం నెట్టేసి లేస్తుంది. చూశారా, వాళ్లకూ మనకూ ఒక్క చోట కుదరదు అని పాస్టరు మనసులో అనుకుంటాడు. ఆ మనిషిని గెలవనివ్వకూడదని నేను నోరు మూసుకున్నాను. జాలితో కాదు, ప్రేమతో కాదు. ఒట్టి పంతంతో.

ఏ బగోనలోదని ఆమె నన్ను అడగలేదు. వడ్డించింది నా ఇంట్లో, పెట్టింది తన బిడ్డ. కడుపు నిండా తిన్నది.

నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. ఐదో రోజు పోయి చెప్పేశాను. ఆమె గడపలో కూర్చుని చింతపండు గింజ తీస్తున్నది. అంతా విని, చేతిలో ఉన్న కాయ గింజ తీయడం పూర్తి చేసింది.

"తెల్వక తిన్నదానికి అల్లా నన్ను అడగడు అక్కా. నిన్ను అడుగుతడు."

"తప్పయింది చెల్లె."

"పప్పు పెట్టినా తింటుంటి. ఒట్టి నీళ్లు తాగి లేచినా, బిడ్డ పెండ్లిల నా కడుపు నిండుతుండె. గంత తెల్వదా నీకు?"

తెలుసు. తెలిసే చేశాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. లోపలికి పోయి చాయ్ పెట్టి తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చాను.

రెండేళ్లకు యాదలక్ష్మికి కొడుకు పుట్టాడు. ఇరవై ఒకటో రోజున ఎవరేమన్నా సరేనని మా ఆయన ఒకటే యాటను తెచ్చాడు. దస్తగిరే కోశాడు. ఒకటే బగోన. మగపెళ్లివారిలో సగం మంది రాలేదు, రాకపోతే పోయారు. ఇక్బాల్ బీ పిల్లవాడిని ఒడిలో వేసుకుని ఆడించింది, వాడి నుదుటి మీద ముద్దు పెట్టింది. అందరూ తిన్నాక మేమిద్దరం కూర్చున్నాం. పళ్లెం ఆమె ముందు పెట్టాను.

"దస్తగిరన్న కోసిందే చెల్లె" అన్నాను, ఆమె అడగకముందే.

ఆమె తల ఊపింది. చెయ్యి మాత్రం పళ్లెంలో పెట్టలేదు. వాకిట్లో నిలబడ్డ మొగుడి వైపు చూసింది. ఆయన అవునన్నట్టు తలాడించాకే మొదటి ముద్ద కలిపింది.