కత్తెర మాస్టారి కొట్టివేతలు

పక్క వాటా ఆవిడ ఇస్త్రీ చేసే మనిషితో అందట. ఆ మనిషి మడతపెట్టిన బట్టలతోపాటు ఆ కబురూ మోసుకొచ్చి మాస్టారి భార్యకు అప్పజెప్పింది. రోజూ పొద్దున్నే మీ ఆయన ముందుగదిలో ఎవర్నో నిలబెట్టి తిడతాడటమ్మా, సిగ్గులేదా నీకు, ఈ మాటకి సాక్ష్యమేదీ అంటాడట. అవతలి మనిషి కిక్కురుమనదట. అంతలా పడుంటోందంటే ఎవరో ఆడమనిషేనని పక్కావిడ తేల్చేసిందట.

"ఆడమనిషైతే పడుంటుందా?" అని నవ్వి, బట్టలు లెక్కచూసుకుని తలుపు వేసుకుంది మాస్టారి భార్య. ఆయన తిట్టేది ఎవర్నో ఆమెకు తెలుసు.

ముందుగదిలో మాస్టారు అప్పుడు పరుపు గురించిన వ్యాసం మీద ఉన్నాడు. యాభై ఆరేళ్ళ మనిషి, ఎండిన కందికంపలా ఉంటాడు. ఎర్ర పెన్సిలు పట్టీ పట్టీ కుడిచేతి మధ్యవేలు పక్కన కాయ కాచింది. పూర్వం అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. అది మూతపడ్డాక, ఇంటర్నెట్లో సరుకులమ్మే ఓ చిన్న కంపెనీలో వ్యాసాలు రాసే పనిలో కుదిరాడు. ఆయన పద్ధతి ఆయనది. రాసినదాన్ని రెండు రోజులు ముట్టుకోడు. మూడోనాడు కాగితం మీద అచ్చు తీసి, చివరి పేరా నుంచి మొదటికి, వేలు పెట్టి పైకి చదువుతాడు. ఎదురుగా అక్క కూర్చున్నట్టు అనుకుంటాడు. ఆమె మొహం మీద చెప్పలేని మాట ఏదైనా సరే, ఎర్రగీత పడాల్సిందే. బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరుతాడు. కత్తెర అన్న పేరు అందుకే వచ్చింది.

"మేఘం మీద పడుకున్నట్టుంటుందా? నువ్వెప్పుడు పడుకున్నావురా మేఘం మీద?" అని తన్ను తాను కసిరి ఆ వాక్యం కొట్టేశాడు.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. నిన్నటి నుంచి కళ్ళు తిరుగుతున్నాయంది. మోకాళ్ళ నొప్పుల పొడి వాడుతున్నానంది. ఏ పొడి అంటే, నువ్వు రాసిందేరా, నీ పేరు చూసే తెప్పించుకున్నానంది.

"మరి బీపీ మాత్ర?"

"మానేశాను. వారం తర్వాత మాత్రలతో పనే ఉండదని రాశావుగా. అన్నీ మానేశాను."

మాస్టారు లేచి నిలబడ్డాడు. ఇప్పుడే మాత్ర వేసుకో, డాక్టరు దగ్గరికి వెళ్ళు అని చెప్పాడు.  అయితే నువ్వు రాసింది అబద్ధమా అని అక్క అడిగింది.

"ఆ మాట నాది కాదక్కా. ఎవరో కలిపారు" అన్నాడు.

ఫోన్ పెట్టేసి కాగితాల కట్ట విప్పాడు. పొడి వ్యాసం దొరికింది. మాత్రలతో పనే ఉండదన్న వాక్యం మీద ఎర్రగీత ఈ చివర నుంచి ఆ చివరకు ఉంది. కంపెనీ పేజీ తెరిచి చూస్తే అదే వాక్యం చెక్కుచెదరకుండా, కింద తన పేరుతో, నవ్వుతూ కూర్చుంది. కాగితం జేబులో పెట్టుకుని, టిఫిను ముట్టకుండా బయల్దేరాడు.

దారి పొడుగునా లెక్క తేలుతూనే ఉంది. ఓనరు ఒక్క వాక్యం చదివిన పాపాన పోడు. మిగిలింది బొమ్మలమ్మ. వ్యాసాలకు బొమ్మలు చేర్చి ఇంటర్నెట్లో పెట్టే పని ఆమెది కనుక ఆ పేరు. ముప్పై అయిదేళ్ళ పొట్టి మనిషి, మూడేళ్ళుగా అదే కుర్చీ. చదివేవాళ్ళకి కాస్త ఆశ పెట్టొద్దా మాస్టారూ అని ఆమధ్య ఒకసారి అననే అంది. మొన్న తను వెనక నుంచి వస్తే చప్పున తెర మార్చింది. అప్పుడు పట్టించుకోని సంగతులన్నీ ఇప్పుడు వరసలో వచ్చి సాక్ష్యం చెప్పాయి.

ఆఫీసు టైర్ల దుకాణం మీది గది. మూడు బల్లలు, ఒక ఫ్యాను, ఎప్పుడూ రబ్బరు వాసన. బొమ్మలమ్మ ఆయన్ని చూసి, మొహం అలా ఉందేం మాస్టారూ, ఇంట్లోంచి గెంటేశారా అంది. ఆయన నవ్వలేదు. ఆమె వేళ్ళ కేసి, తెర కేసి, మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు. ఆమె సీసాలో నీళ్ళు పట్టుకోవడానికి కిందికి దిగగానే లేచి ఆమె సొరుగు లాగాడు. దువ్వెన, తలనొప్పి మాత్రలు, సగం తిన్న బిస్కెట్ల పొట్లం. వాటి కింద, తను ఆఫీసులో దిద్ది చెత్తబుట్టలో పడేసిన కాగితాలు. ఏడో ఎనిమిదో. ఉండ చుట్టి పడేసినవాటిని సాపు చేసి మరీ దాచింది. ఎర్రగీతలు కొట్టొచ్చినట్టు కనపడుతున్నాయి. మెట్ల మీద చెప్పుల చప్పుడు. సొరుగు మూసేశాడు.

నేను కొట్టేసినవన్నీ పోగేస్తోందన్నమాట, అనుకున్నాడు.

మధ్యాహ్నం ఓనరు వచ్చాడు. కింది దుకాణం ఆయన టీ గ్లాసుతో కబుర్లకు ఎక్కొచ్చాడు. ప్యాకింగు మనిషి గుమ్మంలో నిలబడున్నాడు. మాస్టారు జేబులోంచి కాగితం తీసి బొమ్మలమ్మ బల్ల మీద పరిచాడు.

"నేను కొట్టేసిన మాట మళ్ళీ ఎలా మొలిచింది?"

"మీరు పంపిందే పెట్టాను మాస్టారూ. కావాలంటే మెయిల్ చూడండి."

"నన్ను చూడమంటావా? ఇవేంటి మరి?" అని సొరుగు లాగి కాగితాల కట్ట ఆమె ముందు పడేశాడు. "నా అక్క ప్రాణం మీదికి వచ్చింది. ఇంతకన్నా దొంగతనం ఉంటుందా?"

 బొమ్మలమ్మ కట్ట వైపు చూసింది. ఏదో చెప్పబోయి, సొరుగులోకి తొంగి చూసిన మనిషితో ఇంకేం మాట్లాడతాననుకుందో ఏమో, ఊరుకుంది. అక్క పరిస్థితి వినగానే ఓనరుకి కేసూ గీసూ అవుతుందని భయం పట్టుకుంది. రేపట్నుంచి రావద్దని ఆమెతో అన్నాడు. ఆమె ఆ వాక్యం తీసేసి, పేజీ ఓనరుకు చూపించి, దువ్వెనా టిఫిను డబ్బా సంచీలో వేసుకుంది. ఈ పని నమ్ముకునే ఇల్లు నడుపుతున్నానని ఆమె ఎన్నోసార్లు చెప్పి ఉంది. ఇప్పుడా మాట ఎత్తలేదు. కాగితాల కట్ట సొరుగులో పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నాలుగింటికి అక్క నుంచి కబురొచ్చింది. బీపీ బాగా పెరిగిందట, సూది వేశారట, మాత్ర మళ్ళీ మొదలుపెట్టిందట. మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు. కలిపిన మనిషి దొరికింది, పంపించేశాం అని అక్కతో గొప్పగా చెప్పాడు కూడా.

పరుపు వ్యాసం పెట్టే పని ఆయన నెత్తినే పడింది. పొడుగు కాళ్ళు బల్ల కింద పట్టక, ఆమె కుర్చీలో ఏటవాలుగా కూర్చుని ఆమె మెయిలు తెరిచాడు. పరుపు బొమ్మల కోసం వెతుకుతుంటే పొడి వ్యాసం తగిలింది. తను పంపిందే. దాని పేరు 'చివరిది'.  తన కంప్యూటర్లో 'చివరిది' ఉంది, 'చివరిది రెండు' ఉంది, 'ఇదే చివరిది' ఉంది. కాగితం మీది దిద్దుబాట్లు ఎక్కించింది 'ఇదే చివరిది'లో. పంపింది దిద్దనిది. తెరిచాడు. మాత్రలతో పనే ఉండదు.

దాని కింద ఆమె రాసిన జవాబు ఉంది. "మాస్టారూ, మాత్రల వాక్యం ఉంచాలా? ఇది మీరు కొట్టేసే రకం మాటలా ఉంది."

ఆ కింద తన జవాబు. "నా రాతలో వేలు పెట్టొద్దు. పంపింది పంపినట్టు పెట్టు."

రాసిన సంగతి గుర్తుకొచ్చింది. ఆమె అడిగిన వాక్యమేదో చదవలేదు. అడిగిందన్న మంటే అప్పుడు.

సొరుగు లాగి కట్ట తీశాడు. ఈసారి వెలుతురులో పెట్టి చూశాడు. ప్రతి ఎర్రగీత పక్కనా అంచులో నల్ల పెన్సిలుతో చీమల బారులా చిన్న అక్షరాలు. "ఎందుకు కొట్టేశారు? రుజువు లేదు కనుక." "ఇదెందుకు? భయపెట్టి అమ్మడం కనుక." ఒకచోట, "నాకు తెలియలేదు. అడగాలి." ఆయన గీతల్ని చూసి ఆమె దిద్దడం నేర్చుకుంటోంది.

ఓనరుకు ఫోన్ చేసి, తప్పు తనదన్నాడు. వాక్యం పోయిందిగా, ఇంక తవ్వకండి మాస్టారూ, ఆమె చోటికి వేరే మనిషికి చెప్పేశాను అన్నాడు ఓనరు. అక్కకు చేయాల్సిన ఫోన్ ఇంకోటుంది. దానికి ముందు బొమ్మలమ్మకు చేశాడు. నాలుగోసారికి ఎత్తింది. వెనక కుక్కర్ కూత వినపడుతోంది.

"అమ్మా, నేను. తప్పు నాదే. దిద్దనిది పంపాను. నువ్వు అడిగావు కూడా."

అటు కుక్కర్ కూత ఆగింది.

"నన్ను దొంగన్నది నలుగురి ముందు మాస్టారూ. తప్పు నాదనడం మాత్రం ఫోన్లోనా?"

మాస్టారు కట్ట వైపు చూశాడు.  బల్ల మీద ఫ్యాను గాలికి పై కాగితం కొస లేచి పడుతోంది, "అడగాలి" అన్న నల్ల పెన్సిలు మాట దగ్గర.