అరువిచ్చిన విమానం

పానమ్మకు పెట్టిన పేరు వేరే ఉండేది. యుద్ధవిమానాల షెడ్డులో పానా పట్టాక అది అందరూ మరిచిపోయారు. రిటైరయ్యాక కూడా చేతులు కట్టుకు కూర్చునే రకం కాదు. భోజనాల బల్ల సగం ఆక్రమించి, ప్లాస్టిక్ ముక్కలతో బాంబర్ విమానం బొమ్మ కట్టింది. తాను మరమ్మతు చేసిన, బావ నడిపిన విమానమే. రంగు, తోక మీద అంకె, ఇంజిన్ వెనక పొగమసితో సహా అచ్చు గుద్దినట్టు దింపింది.

అదంతా బావ కోసం. చూపు పోయినప్పటి నుంచి ఆయన ఇల్లు దాటి బయటికి రావడం లేదు. "ఆయన్ని మళ్లీ వీధిలో చూస్తానంటావా?" అని అక్క కళ్లనీళ్లు పెట్టుకుంటే పానమ్మకు గుండె తరుక్కుపోయింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. "నేనుండగా చూడకేం" అని మాటిచ్చేసింది.

బొమ్మ చేతికివ్వగానే బావ ముక్కు నుంచి తోక దాకా తడిమారు. ఎడమ రెక్క కింద వేళ్లు ఆగాయి.

"అతుకేదీ?"

"ఏం అతుకు?"

"రన్‌వే మీద రాయి ఎగిరి తగిలిన చోట నువ్వేసిన రేకు అతుకు. ఇది మన విమానం కాదు పానమ్మా. తీసుకెళ్లు."

పానమ్మ బొమ్మ తీసుకుని బయల్దేరింది. చూపు లేని మనిషి కోసం నెలల తరబడి రంగులు దిద్దింది! తెలివి తెల్లారినట్టే ఉందని దారంతా తనను తానే తిట్టుకుంది. ఇంటికెళ్లి పల్చటి రేకు ముక్క కత్తిరించి రెక్క కింద అంటించింది. సూదిమొనతో జిగురు బొట్లు పెట్టి రివెట్లు తేల్చింది. అసలు దాంట్లో ఒక రివెట్టు వరస తప్పి ఉండేది. దాన్నీ వంకరగానే పెట్టింది.

ఈసారి వేలు ఆ వంకర మీదికి రాగానే బావ పకపకా నవ్వారు. గుమ్మంలో ఉన్న అక్క నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

"ఇప్పుడు మనదే. ఇక్కడ పెట్టి వెళ్లు."

"మనదెప్పుడైంది బావా? విమానం ఎప్పుడూ మెకానిక్‌దే. మీకు అరువిచ్చేదాన్ని. దిగగానే లోపాలేమన్నా ఉంటే చెప్పి నాకు అప్పజెప్పేవారు. ఇప్పుడూ అంతే. ఆదివారం మా ఇంటికి తెచ్చివ్వండి."

బావ మొహం మాడిపోయింది. "నేనెలా వస్తాను?"

"రెండు వీధులేగా. మబ్బుల్లో దారి కనబడేదా ఏంటి మీకు?"

"అప్పుడు మీటర్లుండేవి."

"ఇప్పుడు కర్ర ఉంది, అక్క ఉంది."

అక్క ఏదో అనబోతే కళ్లతోనే ఆపి, పానమ్మ చెప్పులేసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం దాటింది. పానమ్మకు కాలు నిలవలేదు. ఆయన తిరిగి తేని విమానం లేదు, నిజమే. కానీ అప్పుడు ఆయనకు కళ్లున్నాయి. నోరు పారేసుకున్నానేమోనని మొదటిసారి భయమేసింది. అంతలో ఎవరో తలుపు తట్టారు.

గుమ్మంలో బావ. ఒక చేతిలో కర్ర, చంకలో విమానం. చొక్కా చెమటకు తడిసిపోయింది. నాలుగడుగుల వెనక అక్క. చెయ్యి పట్టుకోనివ్వలేదని ఆమె మొహమే చెబుతోంది.

"మలుపులో తూలాను. ఎడమ చక్రం ఊడింది," అన్నారు బావ, విమానం అందిస్తూ. "ఎప్పటికి బాగుచేస్తావు?"

పానమ్మ విమానం తిప్పి చక్రం ఊడిన చోటు చూసింది. "రేపు సాయంత్రానికి."

"సరే. నువ్వు తేనక్కర్లేదు. నేనే వచ్చి తీసుకెళ్తాను."