కాలువలు కట్టేసిన నెల

మా అమ్మ బాలింతగా ఉన్నప్పుడు తెలగపిండి, మునగాకు కలిపి వండిన కూర తింటే పాలు ఎంత పడ్డాయంటే, నేను తాగగా మిగిలినవి పక్కింటి దూడకు పోసేవారట. ఆ దూడ పెరిగి ఎద్దయి, జోడు లేకుండానే రాజోలు సంతకు బండి లాగిందని నేను చెబితే మా వీధిలో నవ్వనివారు లేరు.

తొంభై ఎనిమిది వేసవిలో పక్కింటి కనకరత్నం వదిన కూడా నవ్వింది. ఆవిడ కోడలు లావణ్య అప్పుడే మగపిల్లాణ్ణి కన్నది. వదిన గానుగ నుంచి నువ్వుల తెలగపిండి తెప్పించి, మా చెట్టు మునగాకు దూసుకెళ్లి, వెల్లుల్లి దండిగా వేసి రోజూ వండిపెట్టేది. నీళ్లు మాత్రం చిన్న గ్లాసుతో, అదీ కాచి, పొద్దునొకటి రాత్రొకటి.

పిల్లాడు రొమ్ము పట్టి, వదిలి, ఏడ్చేవాడు. గోడ ఇవతలికి వినిపించేది.

"వదినగారూ, కాలువ కట్టేసి ఎరువు మీద ఎరువు జల్లితే చేను పండుద్దాండీ? ఆ పిల్లకి కాసిని నీళ్లు పొయ్యండి" అన్నాను.

"మీకేం తెలుసండీ? మా చెల్లెలు బాలింతగా ఉండి, దాహం ఆగక కుండలో నీళ్లు తాగేసింది. ఒళ్లు ఉబ్బి నా చేతుల్లోనే పోయింది. ఈ పిల్లని కూడా పోగొట్టుకోమంటారా?"

గుమ్మంలో ఉన్న లావణ్య, "మావయ్యగారూ, మీ ఎద్దు కథ చెప్పండి" అంది. చెప్పాను. నవ్వబోతే ఎండిన పెదవి చిట్లింది.

రోహిణి కార్తె వచ్చింది. పిల్లాడి ఏడుపు సన్నబడింది. కుదురుకున్నాడని వదిన సంతోషించింది. మర్నాటికి మాడు లోపలికి దిగిపోయింది. ఆటోలో అమలాపురం ఆసుపత్రికి పరిగెత్తారు. పిల్లాడు దక్కలేదు. సొమ్మసిల్లిన తల్లికి సెలైన్లు ఎక్కించి, నీళ్లు తాగించి పంపించారు.

వాళ్లు వచ్చిన మర్నాడు తెల్లారగానే వదిన పళ్లెం పట్టుకుని మా పెరట్లోకి వచ్చింది.

"మల్లెమొగ్గలు కావాలండి."

"పూజకాండీ?"

"కాదండి. కోడలికి పాలు పొంగేయి. జాకెట్టు తడిసిపోతంది. రొమ్ముకి మొగ్గలు కడితే పాలు ఎండుతాయి కదండీ."

పళ్లెం నా చేతికిచ్చి, "మంచం పక్కనే కుండ పెట్టేనండి. తాగమంటే తాగట్లేదు" అంది.

పొద మీద ఒక్క మొగ్గ మిగల్చకుండా కోశాను. ఆవిడ పళ్లెంకేసి చూసి, "చాలవేమోనండి" అంది.