గోడవార కుర్చీ

తాడేపల్లిగూడెంలో పరుపులు కుట్టే గౌస్‌కి ఒక్కతే కూతురు, ఇక్రా. ఇంటర్ చదువుతోంది. క్యారమ్స్ ముందు కూర్చుందంటే ఆ పిల్లని ఓడించే మొనగాడు ఆ వీధిలో పుట్టలేదు. గోడవార కుర్చీ ఆమెది. ఎదురు స్టూలు మీద కూర్చుని రోజూ సాయంత్రం ఓడిపోయేది తండ్రి. "మా గూడెం ఛాంపియన్ అండీ" అని పరుపు కొనడానికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి మురిసిపోయేవాడు. ఇంకేం, అమ్మాయిగారి కళ్ళు నెత్తికెక్కాయి.

అలాంటి పిల్ల ఏలూరు పోటీలో మొదటి ఆటకే చతికిలబడింది. ఎదురుగా కూర్చున్నది ఆకివీడు నుంచి వచ్చిన సాయిదుర్గ. ఇక్రా కొట్టిన ప్రతి కాయా కన్నం దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఒక్కటి పడితే ఒట్టు! ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటే ఇదే కాబోలు.

"ఇంక ఈ ఆట నాకొద్దు నాన్నా," అంది బయటికొచ్చి. గౌస్‌కి గుండె కలుక్కుమంది.

భోజనాలు ఆలస్యమయ్యాయి. సాయిదుర్గకి ఆట నేర్పిన బాపిరాజు గారు ఖాళీ బోర్డు చూపించి, "ఏవండీ, ఊరికే కూర్చునే బదులు ఒక ఆట వేద్దామా?" అని గౌస్‌ని పిలిచారు.

"అబ్బే, నాకేం వచ్చండీ," అంటూనే కూర్చున్నాడు గౌస్. అన్నం పొట్లాలు వచ్చేసరికి గౌస్ కాయలన్నీ కన్నాల్లో పడిపోయాయి. బాపిరాజు గారివి సగం బోర్డు మీదే ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ ఈ చెయ్యి?" అని బాపిరాజు గారు నోరెళ్ళబెట్టారు. గౌస్ సిగ్గుపడిపోయాడు. ఇక్రాకి మాత్రం ఒళ్ళు మండింది. రోజూ నా చేతిలో ఓడిపోయే మనిషి ఈయనేనా?

రైల్లో తండ్రికి దూరంగా వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది. ఇంటికి రాగానే దారిలో కొన్న కూరగాయల సంచీ విసురుగా క్యారమ్ బోర్డు మీద పడేసింది. అందులోంచి ఒక నిమ్మకాయ జారి, మెల్లగా దొర్లుకుంటూ తండ్రి స్టూలు వైపు పోయింది. తీసి మధ్యలో పెట్టింది. మళ్ళీ అటే పోయింది.

ఇక్రాకి అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ తను కొట్టిన కాయలు పల్లానికి జారి వాటంతట అవే పడేవి. నాన్న ఎత్తుకి కొడుతూ వచ్చాడు.

"మీకు ముందే తెలుసా నాన్నా?"

"వానకి తడిసి బోర్డు నా స్టూలు వైపు కుంగిందమ్మా," అన్నాడు గౌస్ తలొంచుకుని. "చిన్నప్పుడు ఓడిపోతే అన్నం మానేసేదానివి. నాకు ప్రాణం ఉసూరుమనేది. అందుకే ఆ కుర్చీ నీకిచ్చా."

ఇక్రాకి కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముద్దుగా ఇచ్చిన గెలుపులు తనకేమీ నేర్పలేదు. ఓడీ ఓడీ చెయ్యి తిరిగింది ఆయనకి.

"లేవండి. ఆ స్టూలు నాది."

"ఇక్కడ ఓడిపోతావే తల్లీ!"

"ఓడనివ్వండి. జాలిపడి మెల్లగా కొట్టారంటే నా మీద ఒట్టే."

గౌస్ బిక్కుబిక్కుమంటూ వెళ్ళి గోడవార కుర్చీలో కూర్చున్నాడు. మొదటి ఆటలో ఇక్రా ఒక్క కాయ కూడా వెయ్యలేకపోయింది. గౌస్ భయంభయంగా కూతురి మొహంలోకి చూశాడు.

ఇక్రా కాయలు మళ్ళీ పేర్చి, వంటింటి వైపు కేకేసింది.

"అమ్మా, ఓడిపోయానే! అన్నం పెట్టు. తినొచ్చి మళ్ళీ ఆడాలి."