చౌడేశ్వరి రుద్దిన దర్పణము

కార్తీక బహుళ దశమినాటి సాయంసంధ్య. వానలు వెలిసి ధూళి యణగి కడిగిన పళ్లెరమువలె నిర్మలమైన యాకాశమున పడమటి యెఱుపు మెల్లమెల్లగా నీలిమలో కరగిపోవుచుండగా, పగలెల్ల నెడతెగక మ్రోగిన ధర్మవరపు మగ్గముల చప్పుడు వీధివీధిని సన్నగిల్లి, గడపగడపను వెలిగిన దీపముల నడుమ పిల్లల కేకలును పాలవారి సైకిలు గంటలును మాత్రము మిగిలియుండెను. చంద్రుడు అర్ధరాత్రముదాక ఉదయింపడు. మబ్బు లేదు, గాలి లేదు. నక్షత్రదర్శనాభిలాషులు సంవత్సరమంతయు కోరుకొను సాయంకాల మట్టిది. అట్టి సాయంకాలమున ఆకాశమును చూచి భయపడినవాడు ఆ యూరిలో ఒక్కడే యుండెను.

అతడు ఓబులపతి యను గణితోపాధ్యాయుడు. తన యింటి మిద్దెమీద వీధిదీపపు వెలుగు సోకకుండ పాత చీరలను తెరలుగా కట్టి, నిలువెత్తు దూరదర్శినిని నిలిపి, దానికి కెమెరాను బిగించి, కంప్యూటరు ముందు పీట వైచుకొని కూర్చుండెను. దూరదర్శినికి ప్రాణము దాని యడుగున నుండు దర్పణము. వలయువారు దానిని అంగడిలో కొందురు. ఈ దర్పణము కొన్నది కాదు. అతని భార్య చౌడేశ్వరి చేతులతో రుద్ది చేసినది.

చౌడేశ్వరి నేతవారి యింట పుట్టి, ఊహ తెలిసిననాటనుండి మగ్గముముందు కూర్చుండి, పట్టుచీరల నేతలో ఊరెల్ల మెచ్చిన చేయి యనిపించుకొన్న యిల్లాలు. నడివయస్సున ఆ చేతులకు వణుకు పుట్టెను. వైద్యుల మందులకు అది తగ్గెను గాని పోలేదు. తెగిన పోగును ముడివేయ చేతగాక నేతలో తప్పులు పడగా, కడపటి చీరను వర్తకుడు పల్లెత్తు మాట యనక మడిచి వెనుక కిచ్చెను. తిట్టినను ఆమె యంత బాధపడియుండదు. ఆనాడు మగ్గమునుండి లేచినది మరల కూర్చుండలేదు.

కొన్నాళ్ల కామె, మగడు ఎన్నడో తెచ్చి మూలపడవైచిన రెండు గాజుబిళ్లలను వెలికి దీసెను. ఇనుపడ్రమ్ముమీద బిళ్లపై బిళ్ల నుంచి నడుమ గరుకుపొడియు నీరును చిలికి, పైబిళ్ల గుంటదేఱి దర్పణమగుదాక డ్రమ్ము చుట్టు తిరుగుచు నెలల తరబడి రుద్దవలసిన పని యది. వ్రేళ్ల నేర్పుకంటె భుజముల బలమును ఓపికయు దాని కెక్కువ కావలెను. "చౌడమ్మ గుడి ఇడిసిపెట్టి డ్రమ్ముకు ప్రదక్షిణాలు చేస్తాండాది" అని ఇరుగుపొరుగువారు నవ్విరి. ఆమెయు నవ్వెను. పని ముగిసి దర్పణము పట్టణమునకు పోయి వెండివన్నె పూతతో తిరిగివచ్చిననాడు మాత్రము నవ్వక మగనితో నిట్లనెను.

"ఈ అద్దం గూడా చెడిపోయిందంటే, ఇంగ ఈ చేతులతో ఏ పనీ ముట్టనయ్యా. నన్ను మళ్లా అడగొద్దు."

ఆమె అన్నమాట తప్పునది కాదు. ఓబులపతి భయమంతయు నదియే.

ఉత్తరాభాద్రకు ఉత్తరముగా, వట్టికంటికి కానరాక, మిక్కిలి చిన్నదియు మిక్కిలి కాంతిగలదియు నగు నీహారిక యొకటి కలదు. ఆయువు తీరవచ్చిన నక్షత్రము విడిచిన పైపొరలే దానిచుట్టు వలయమై వెలుగుచున్నవి. విశాలములైన నీహారికల చిత్రమునకు దర్పణము ఒకపాటిదైనను సాగిపోవును. ఈ చిన్నదాని వలయము కనబడవలెనన్న దర్పణమున దోషముండరాదు. కావుననే చౌడేశ్వరి తొలిచిత్రమునకు దీనినే కోరుకొనెను. సులువైనదానితో మొదలు పెట్టుదమని మగడు బ్రతిమాలినను వినలేదు. చిత్రము సిద్ధమగుదాక చూడనని ఒట్టు పెట్టుకొని, కంప్యూటరు తెరకు వీపు త్రిప్పి చాపమీద కూర్చుండెను.

చీకటి చిక్కబడెను. ఓబులపతి దూరదర్శినిని ఆ దెసకు త్రిప్పి, చిత్రము నడుమ మెఱయుచున్న యొక చుక్కను తెరపై పెద్దది చేసికొని, స్పష్టతకొఱకు మరను త్రిప్పసాగెను. చుక్క సన్నగిల్లెను. మఱికొంత సన్నగిల్లెను. అంతట నిలిచిపోయెను. సూదిమొనవలె నిలువవలసినచోట తెల్లని మచ్చ యొకటి మిగిలెను. మరను ఇటు త్రిప్పినను మచ్చ లావెక్కుచున్నది, అటు త్రిప్పినను లావెక్కుచున్నది.

"వచ్చిందా?" అని వెనుకనుండి ఆమె యడిగెను.

"ఇంగా లేదు. పగటి ఎండకు అద్దం కాగుండాది. చల్లారల్ల."

ఆ మాట శాస్త్రసమ్మతమే. శాస్త్రము తోడైన యబద్ధమునకంటె సుఖమైన మఱుగు లోకమున లేదు. అయినను మఱుగు మఱుగే. కొంతసేపటికి ఆమె మరల అడిగినప్పుడు అతడు మంచు పడుచున్నదనెను. చెప్పుచునే దూరదర్శిని గొట్టమును తడిమి చూచెను. అది పొడిగా నుండెను.

మచ్చ మారలేదు. ఓబులపతి మనస్సున ఆలోచనలు చీమలపుట్ట పగిలినట్లు చెదరెను. కెమెరా చెడిపోయినదని చెప్పుదునా? ఇంకొక దర్పణమును కొనితెచ్చి ఆమె యెఱుగకుండ దీనిచోట నమర్తునా? ఈ కడపటి యాలోచనకు అతడు సిగ్గుపడెను. సిగ్గుపడియు దానిని విడువలేదు. ఏ యంగడిలో దొరకునో, ఏ సాకుతో పోవలెనో కూడ ఊహించుకొనెను. నెలలకొలది డ్రమ్ము చుట్టు తిరిగిన యా పాదములు, వణకుచునే బిళ్లను పట్టిన యా చేతులు అతని కన్నులయెదుట మెదలెను.

"చలి ఎక్కువైంది, కిందికి పోదామా?" అనెను.

చౌడేశ్వరి లేచి నిలువబడెను. "నీ గొంతు నాకు తెల్దా? ఏందో దాస్తాండావు."

అతడు చేతితో తెరను కప్పి, "చూడనని ఒట్టు పెట్టుకుంటివి గదా" అనెను.

"ఒట్టు బొమ్మకు. నీ మొగానికి కాదు. జరుగు."

అతడు జరిగెను. ఆమె వణకు చేతులను చంకలలో నదుముకొని వంగి చూచెను. ఇక దాచి ప్రయోజనము లేదని, "చుక్క సన్నబడలేదు చౌడీ. ఎంత తిప్పినా ఇంతే" అని ఓబులపతి తల వంచుకొనెను. ఆమె యేడ్చునని యెంచెను. చీరకొంగును బిగించుకొని మెట్లు దిగిపోవునని యెంచెను.

"తక్కిన చుక్కలేవి?" అని చౌడేశ్వరి యడిగెను.

అంతసేపును అతడు ఆ యొక్క చుక్కనే పెద్దదిచేసి చూచుచుండెను. ఇప్పుడు మరను అన్నిటికంటె సన్నగా నున్నచోట నిలిపి, చిత్రమును సంపూర్ణముగా తెరపై పఱచెను. వందలకొలది చుక్కలు.

"ఇవన్నీ ఆవగింజల మాదిరి సన్నగా ఉండాయి గదయ్యా! ఇదొక్కటే పెసరగింజంత ఉండాది. మగ్గం చెడితే చీరంతా చెడతాది. ఒక్క పువ్వు లావుంటే మగ్గాన్ని తిడతారా ఎవరైనా? అది పువ్వే లావు."

ఓబులపతి నెత్తిన చేయి పెట్టుకొనెను. పటములలో చూచిన మేఘమువంటి రూపమునే మనస్సున నుంచుకొని, చిత్రము నడుమనున్న నీహారికనే నక్షత్రమని భ్రమించి, దానిని సూదిమొన చేయుటకు అంతసేపు దానితో పోరాడెను. అది చిన్నదియు కాంతిగలదియు నని యెఱిగియు, మసక నీహారికలకు పట్టినంత సేపు దీనికిని కెమెరాలో వెలుగు పట్టుటచే అది తెల్లగా మాడిపోయినది. చంకన బిడ్డ నుంచుకొని ఊరంతయు వెదకినవాని కథ అతని పట్ల నిజమాయెను.

వెలుగు పట్టు కాలమును కొన్ని సెకనులకు తగ్గించి మరల చిత్రము తీసెను. తెలుపు తొలగి వర్ణము నిలిచెను. అట్టి చిత్రములను పెక్కింటిని తీసి ఒకదానిపై నొకటి కూర్చుచుండగా, మొదట ఇసుక చల్లినట్లున్న రూపము క్రమముగా నునుపుదేఱి, ఒక వలయమును, దానిలోపల మఱియొక వలయమును, నట్టనడుమ సన్నని నక్షత్రమును స్పష్టమాయెను.

"నెమలికంఠం రంగు" అని చౌడేశ్వరి మెల్లగా ననెను. ఆపైన ఏడ్చెను. అతడును ఏడ్చెను. అది సంతోషమని ఇరువురును ఎఱుగుదురు.

కన్నులు తుడుచుకొని యామె అతనివంక తిన్నగా చూచెను.

"నీకు ముందు నా అద్దం మీదనే గదా అనుమానం వచ్చింది?"

ఓబులపతి మఱుగు వెదకలేదు. "అవును. నీకేమైతాదో అని భయం వేసింది."

"భయం వేస్తే నన్ను అడగల్ల. నాకు చెప్పకుండానే నా చేతికి తీర్పు చెప్తివే!"

ఆమె కోపగించుకొనలేదు, అందుచేతనే ఆ మాట అతనికి లోతుగా నాటెను. కీడెంచి మేలెంచుమని పెద్దలందురు. ప్రేమించువాడు కీడెంచుట సహజము. కాని యెంచి యచ్చటనే నిలిచిపోవువాడు, తాను కాపాడబూనినవారిని అందఱికంటె ముందుగా తానే ఓడించును.

అతడు పీటనుండి లేచి ఆమెకు చోటిచ్చెను. తరువాతి చిత్రమునకు చౌడేశ్వరి కంప్యూటరు మీటపై వ్రేలుంచెను. వ్రేలు వణకెను, మీట తప్పెను, ఇంకొకటి నొక్కబడి తెరపైని చిత్రము మాయమాయెను. ఓబులపతి సాయమునకు చేయి చాపబోయి, సగములోనే ఆపుకొని, చేతులు వెనుకకు కట్టుకొని నిలువబడెను.