సోమన్న గేరు తీగ

వాగు పొంగి సూర్యాపేట బాట మీది వంతెన కొట్టుకపోయి, ఊరి చెరువు కట్ట తెగిన ఏడది. వానకాలంల ముంచింది, ఎండకాలంల ఎండబెట్టింది. ఉగాది రాకముందే చెరువు నెర్రెలు వాసింది. తిరుమలగిరి దిక్కు ఏ గొర్లకాపరి నోట ఇన్నా ఒకటే మాట. మందను ఏడికి తోలాలె?

సోమన్నకు మాత్రం ఒక ఆశ ఉండె. మిర్యాలగూడ దగ్గర మాడుగులపల్లిల ఒక కాపుకు బాయి నీళ్ళున్నయి, కోసిన మడి ఉన్నది. ఎరువు కోసం పొలంల మంద పెట్టించుకుంటడు. ఆయన చేతి వక్క ఎవని నోట్ల పడితే ఆ ఏడు నీళ్ళు వానియి. పడ్డ వక్క దేవుడొచ్చినా మారదు. మనిషి పోలేకపోతే తన గొంగడి నమ్మినోని భుజాన ఏసి పంపొచ్చు. గొంగడి ఎవనిదైతే వక్క వాని పేర, నీళ్ళు వాని మందకే.

సోమన్న పటాలంల కొలువు చేసి, మోకాలు చెడగొట్టుకొని, మూడు గేర్ల సైకిలు తెచ్చుకున్నోడు. వంతెన పోయి ఊరికి బస్సు బందైనా ఆయనకు ఫికరు లేకుండె. చిన్న గేరు ఏస్తే ఎత్తు బాట గూడ మోకాలుకు తెల్వదు. పెండ్లాం రుక్కమ్మ ఎక్కిరిచ్చేది: "దాని ఒళ్ళు తుడిసినంత సేపు నా మొఖం సూసినవా ఎన్నడన్న?"

కాపు కాడికి బయలెల్లే పొద్దున గేరు తీగ తెగి ఏలాడుతున్నది. తీగ తెగితే ఆ సైకిలు పెద్ద గేరు మీదనే నిలుస్తది. ఆ మోకాలుతోని తొక్కుడు కానిపని. సోమన్న సైకిలు పక్కన ఊకనే కూసున్నడు.

రుక్కమ్మ తమ్ముడు జానయ్య వచ్చిండు. పక్క దొడ్డే వానిది. వానికీ మంద ఉన్నది.

"అరెరె, తెగిందా బావా? పరేషాన్ గాకు. సూర్యాపేట దాంక నడిసిపోయి బస్సెక్కుత. నీ గొంగడియ్యి. వక్క అందుకుంట, వచ్చేటప్పుడు తీగ గూడ పట్టుకొస్త."

సోమన్న గొంగడి తీసి వాని భుజాన కప్పిండు. ఇద్దరి మందలకు జాగ అడుగుదామని మనసుల ఉన్నది. నోటితోని అనలే. బామ్మర్దికి చెప్పాల్నా అనుకున్నడు.

జానయ్య మళ్లొచ్చేసరికి నోరు ఎర్రగున్నది. చేతిల కొత్త తీగ చుట్ట.

"అందిందా?"

"అందింది బావా."

సోమన్న మొఖం ఇప్పారింది. వాకిట్ల సైకిలును తలకిందులు చేసి నిలబెట్టిండు. పాత తీగను నల్ల గొట్టంల నుంచి గుంజి పక్కన పడేసిండు. హ్యాండిలు కాడి మీటకు కొత్త తీగ కొస తగిలిచ్చి, గొట్టంల నుంచి పోనిచ్చి, నడుమున్న చిన్న గిలక మీదికెల్లి ఎనుక చక్రం ఇరుసుల నుంచి వచ్చే సన్న గొలుసుకు బిగిచ్చిండు. మీట నొక్కిండు. గొలుసు కదిలింది.

తీగ జర పొడుగైంది. కటింగ్ ప్లేరుతోని మిగిలిన తుంట తుంచిండు. అది పోయి పాత తీగ పక్కన పడ్డది.

సోమన్న చెయ్యి ఆగింది. అరిగి తెగిన తీగ చీపురు లెక్క విచ్చుకుంటది. పాత తీగ కొస విచ్చుకోలే. ఇప్పుడు తుంచిన తుంట కొస ఎట్లున్నదో అదీ అట్లనే, పోగులన్ని ఒక్క ఎత్తున, నున్నగ.

రెండు కొసలూ కలిపి పట్టి బామ్మర్ది దిక్కు సూసిండు.

"వక్క ఎవని పేర?"

జానయ్య నేల సూసిండు. "కాపు వాకిట్లకు పోయేముంగట గొంగడి మడిసి సంచిల పెట్టిన బావా."

"ఓరి నీ పాడుగాను!" రుక్కమ్మ తమ్మునికి తెచ్చిన కల్లు ముంత కింద పెట్టింది. "మీ బావ తీగ నువ్వే కోసినవా? నీకు గోసి పెట్టుడు నేర్పింది ఈయన గాదురా!"

"నీ గొర్లే గొర్లా అక్కా? నా గొర్లకు దూప గాదా? కాపు ఒక్క మందకే నీళ్ళన్నడు."

"అడిగినవా?" అన్నడు సోమన్న. "రెండు మందలకు అడిగినవా?"

"ఎందుకడుగుత?"

జానయ్య గొంగడి సంచిల నుంచి తీసి ఇస్తే సోమన్న అందుకోలే. పగోడు కోస్తే తీగ తీగనే. తన గొంగడి కప్పుకున్నోడు కోస్తే అది తీగ గాదు. కప్పి పంపింది గూడ తనే.

తెల్లారి దొడ్డి తడిక తీసిండు. జానయ్య ఎదురొచ్చి నిలబడ్డడు.

"బావా, కలిసి పోదాం. కాపును బతిలాడుకుందం."

"పడ్డ వక్క మారదు. నువు పో."

"మరి నువు?"

సోమన్న మందను బయటికి అదిలిచ్చిండు. సైకిలు చేత పట్టుకొని ముంగట నడిసిండు. పిల్లతల్లి గొర్లు ఎనుక కదిలినయి, ఆఖరుకు సద్దిమూటతోని రుక్కమ్మ, తమ్ముని దిక్కు సూడకుంట. బాటలు చీలిన కాడ మందను మాడుగులపల్లి దిక్కు పోనియ్యలే. ఒక్క మనిషి గూడ ఎరికలేని కోదాడ దిక్కు మలిపిండు.